అమెరికాలో రాష్ట్ర మెడికల్ లైసెన్స్ తీసుకోవడం, రెన్యూ చేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇండియాలో ఎంబీబీఎస్ చేసి, అమెరికాలో రెసిడెన్సీలో (ఆసుపత్రిలో చేసే స్పెషాలిటీ శిక్షణ) ఉన్నవాళ్లు, రెసిడెన్సీ ముగించి ఉద్యోగంలో చేరబోతున్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. రాష్ట్రాల నియమాలు, ఫీజులు తరచూ మారుతుంటాయి కాబట్టి డబ్బు కట్టే ముందు ఆయా బోర్డుల వెబ్‌సైట్లు ఒకసారి చూసుకోండి.

అమెరికా మొత్తానికీ చెల్లే లైసెన్స్ ఒకటి ఉండదా?

ఉండదు. లైసెన్స్ ఇచ్చేది రాష్ట్రమే. చాలాచోట్ల ఆ పని మెడికల్ బోర్డుది. న్యూయార్క్‌లో మాత్రం లైసెన్స్ ఇచ్చేది విద్యాశాఖ, డాక్టర్ల మీద క్రమశిక్షణ చర్యలు చూసేది ఆరోగ్యశాఖ. టెలీహెల్త్‌లో చాలామంది పొరబడేది ఇక్కడే: మీరెక్కడ కూర్చున్నారన్నది కాదు, ఆ సమయానికి పేషెంట్ ఏ రాష్ట్రంలో ఉన్నారన్నదే లెక్క. వెటరన్స్ అఫైర్స్ (మాజీ సైనికుల శాఖ) ఆసుపత్రుల్లాంటి ఫెడరల్ సంస్థల్లో పనిచేసేవాళ్లకు ఏదో ఒక రాష్ట్రపు ఫుల్ లైసెన్స్ ఉంటే చాలు.

రెసిడెన్సీలో నా దగ్గరున్నది లైసెన్సేనా?

చాలా రాష్ట్రాల్లో అది ట్రైనింగ్ పర్మిట్. మీ ప్రోగ్రామ్ పరిధి దాటితే పనికిరాదు. వేరే ఆసుపత్రిలో మూన్‌లైటింగ్ (అదనపు డ్యూటీలు) చేయాలంటే సాధారణంగా ఫుల్ లైసెన్స్, సొంత డీఈఏ నంబరు (నియంత్రిత మందులు రాయడానికి ఫెడరల్ అనుమతి) రెండూ కావాలి. జే-1 (ఎక్స్‌ఛేంజ్) వీసా మీద ఉన్నవాళ్లకు మూన్‌లైటింగే కుదరదు, లైసెన్స్ ఉన్నా సరే. కాలిఫోర్నియాలో ప్రోగ్రామ్‌లో చేరిన 180 రోజుల్లోపు పోస్ట్‌గ్రాడ్యుయేట్ ట్రైనింగ్ లైసెన్స్ తీసుకోవాలి.

ఫుల్ లైసెన్స్‌కి కనీసం ఏమేం ఉండాలి?

గుర్తింపు ఉన్న మెడికల్ డిగ్రీ, ఈసీఎఫ్‌ఎంజీ (విదేశీ డిగ్రీలను పరిశీలించే సంస్థ) సర్టిఫికెట్, యూఎస్‌ఎంఎల్‌ఈ (అమెరికా మెడికల్ లైసెన్సింగ్ పరీక్ష) స్టెప్‌లన్నీ పాసవడం, రాష్ట్రం అడిగినన్ని సంవత్సరాల ఏసీజీఎంఈ (రెసిడెన్సీ ప్రోగ్రామ్‌లకు గుర్తింపునిచ్చే సంస్థ) ట్రైనింగ్. మొదటి మూడూ దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఒకటే, తేడా వచ్చేది ట్రైనింగ్ దగ్గరే. విదేశీ డిగ్రీ ఉన్నవాళ్లను న్యూయార్క్ మూడేళ్లు అడుగుతుంది, టెక్సాస్ రెండేళ్లు. అమెరికాలో మెడిసిన్ చదివినవాళ్లకు ఈ రెండు చోట్లా ఒక ఏడాది చాలు. కాలిఫోర్నియాలో విదేశీ గ్రాడ్యుయేట్లు 24 నెలలకే లైసెన్స్ తెచ్చుకోవచ్చు గానీ, మొదటి రెన్యువల్ నాటికి 36 నెలలు పూర్తయినట్టు చూపించాలి. అందులో 24 నెలలు ఒకే ప్రోగ్రామ్‌లో వరసగా చేసినవై ఉండాలి. మధ్యలో ప్రోగ్రామ్ మారినవాళ్లు ఈ షరతు ముందే చూసుకోవడం మంచిది.

ఏదైనా ఒక స్టెప్ రెండుసార్లు ఫెయిలైతే లైసెన్స్ రాదా?

వస్తుంది, కానీ రాష్ట్రాలను ఎంచుకునే వెసులుబాటు తగ్గుతుంది. యూఎస్‌ఎంఎల్‌ఈలో ఒక్కో స్టెప్‌కి గరిష్ఠంగా నాలుగు ప్రయత్నాలు. 2021కి ముందు ఆరుండేవి. రాష్ట్రాలు తమ పరిమితిని ఇంకా బిగించవచ్చు. టెక్సాస్ సాధారణ నియమం స్టెప్‌కి మూడు ప్రయత్నాలు. స్టెప్‌లన్నీ ఎన్నేళ్లలో పూర్తిచేయాలన్నది మరో లెక్క: కొన్నిచోట్ల ఏడేళ్లు, కొన్నిచోట్ల పదేళ్లు, కొన్నిచోట్ల గడువే లేదు. ఇండియాలో ఉండగా స్టెప్ 1 రాసి, మ్యాచ్ (రెసిడెన్సీ సీట్ల కేటాయింపు) కోసం ఏళ్లు ఆగి, రెసిడెన్సీ రెండో ఏడు దాకా స్టెప్ 3 వాయిదా వేసినవాళ్లకు ఈ గడువే గుదిబండ అవుతుంది. ఇంటర్న్ ఏడాదిలోనే (రెసిడెన్సీ మొదటి ఏడు) స్టెప్ 3 అయిపోతే లైసెన్స్‌కీ వీసాకీ రెండింటికీ దారి సాఫీగా ఉంటుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

జూలైలో ఉద్యోగంలో చేరాలంటే అంతకుముందు అక్టోబరు, నవంబరు నాటికి. మంచి ఫైలు కూడా మూడు నుంచి ఆరు నెలలు తీసుకుంటుంది. మార్చి తర్వాత పరిస్థితి మారుతుంది: దేశంలో ఆ ఏడాది రెసిడెన్సీ ముగించేవాళ్లందరి దరఖాస్తులూ ఒకేసారి బోర్డుల మీద పడతాయి. ట్రైనింగ్ మొత్తం పూర్తయ్యాకే అర్హత వచ్చే రాష్ట్రమైతే, ప్రోగ్రామ్ డైరెక్టర్ చివర్లో పంపాల్సిన ఆ ఒక్క ధ్రువీకరణ తప్ప మిగతాదంతా ముందే బోర్డుకి చేరి ఉండాలి. ప్రోగ్రామ్ కోఆర్డినేటర్‌తో ముందుగానే మాట్లాడి ఉంచండి. ఆ ఫారం పంపేది వాళ్లే, జూన్‌లో వాళ్ల టేబుల్ మీద మీలాంటి వాళ్ల ఫారాలు పదుల్లో ఉంటాయి.

ఎఫ్‌సీవీఎస్ తీసుకోవాలా?

ఫెడరేషన్ ఆఫ్ స్టేట్ మెడికల్ బోర్డ్స్ (ఎఫ్‌ఎస్‌ఎంబీ) 1996 నుంచి నడుపుతున్న సేవ ఇది. మీ డిగ్రీ, ట్రైనింగ్, పరీక్షల చరిత్ర, గుర్తింపు పత్రాలను మూలం నుంచే ధ్రువీకరించి ఒకచోట భద్రపరుస్తుంది, అడిగిన బోర్డుకి పంపుతుంది. కొన్ని బోర్డులకు ఇది తప్పనిసరి, చాలావాటికి ఐచ్ఛికం. జీవితంలో ఒక్క రాష్ట్రంలోనే పనిచేస్తానని నమ్మకముంటే, ఆ రాష్ట్రం అడగకపోతే, వదిలేయవచ్చు. కానీ విదేశీ డిగ్రీ ఉన్నవాళ్లకు మా సలహా, తీసుకోవడమే. ఇండియాలోని కాలేజీ నుంచి ఒకసారి కాగితం రప్పించడమే గగనం, రెండో రాష్ట్రం కోసం అదే మళ్లీ మొదలుపెట్టడం ఎవరికీ ఇష్టముండదు. మీరు ట్రైనింగ్ చేసిన ప్రోగ్రామ్ మూతపడి ఉంటే, దాని రికార్డులు ఎఫ్‌ఎస్‌ఎంబీ దగ్గర ఉన్నాయేమో కూడా అడిగి చూడండి.

సర్టిఫికెట్లలో పేరు ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంది. సమస్యా?

తెలుగువాళ్ల ఫైళ్లు ఆగిపోయే కారణాల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది. ఎంబీబీఎస్ పట్టాలో "పి.వి.ఎస్. లక్ష్మి" అని పొడి అక్షరాలే ఉంటాయి. పాస్‌పోర్టులో ఆ మూడక్షరాలూ మూడు పదాలవుతాయి. పెళ్లయ్యాక భర్త ఇంటిపేరు చేరుతుంది. ఇక పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే, అమెరికా వీసాలో అసలు పేరంతా సర్‌నేమ్ కింద చేరి, మొదటి పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని వస్తుంది. బోర్డు క్లర్కుకి ఇవన్నీ వేర్వేరు మనుషుల కాగితాల్లా కనిపిస్తాయి.

చేయాల్సింది వరస ప్రకారం చేయాలి. ముందు పాస్‌పోర్టులో సర్‌నేమ్, గివెన్ నేమ్ విడివిడిగా ఉండేలా సరిచేయించుకోండి. తర్వాత ఈసీఎఫ్‌ఎంజీ రికార్డు దానికి సరిపోయేలా మార్పించుకోండి. ఆ తర్వాతే సోషల్ సెక్యూరిటీ, డ్రైవింగ్ లైసెన్స్, బోర్డు దరఖాస్తు. ఎంబీబీఎస్ పట్టాను మార్పించాలని తిరగడం చాలావరకు అనవసరం. "ఈ పేర్లన్నీ ఒకే మనిషివి" అనే అఫిడవిట్, పెళ్లి సర్టిఫికెట్ జతచేస్తే సాధారణంగా ఒప్పుకుంటారు. దరఖాస్తులో "ఇతర పేర్లు" అనే గడి ఉంటుంది. ఎక్కడెక్కడ ఏ రూపంలో ఉందో అన్నీ అందులో రాయండి, పొడి అక్షరాల రూపం సహా.

ఇండియా నుంచి ఏ కాగితాలు తెప్పించాలి?

పట్టా, అన్ని సంవత్సరాల మార్కుల జాబితాలు, ఇంటర్న్‌షిప్ పూర్తయిన సర్టిఫికెట్, మీకు రిజిస్ట్రేషన్ ఉన్న ప్రతి మెడికల్ కౌన్సిల్ నుంచి గుడ్ స్టాండింగ్ (మీ మీద చర్యలేవీ లేవనే) సర్టిఫికెట్. చివరిది చాలామంది మరిచిపోతారు. హైదరాబాద్‌లో నాలుగు నెలల కోసం చేయించుకున్న రిజిస్ట్రేషన్ అయినా "ఎప్పుడైనా, ఎక్కడైనా కలిగి ఉన్న లైసెన్సులు" అన్న ప్రశ్న కిందికి వస్తుంది.

యూనివర్సిటీ పేరు దగ్గర తికమక పడకండి. విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ 2022లో వైఎస్సార్ పేరుకి మారి, 2024లో మళ్లీ ఎన్టీఆర్ అయింది. తెలంగాణ కాలేజీలు రాష్ట్ర విభజన తర్వాత వరంగల్‌లోని కాళోజీ యూనివర్సిటీ కిందికి వచ్చాయి. పట్టా మీద ఏ పేరుందో అదే దరఖాస్తులో రాసి, ఇప్పటి పేరును వివరణలో ఒక వాక్యంలో చెప్పండి. కాలేజీ పంపే కవరు నేరుగా అక్కడి నుంచే రావాలి, సీలు ఉండాలి. మీ ఇంటికి వచ్చి మీరు తిరిగి పంపిన కవరు చెల్లదు.

మధ్యలో ఖాళీగా ఉన్న నెలలు చూపించాలా?

ఎంబీబీఎస్ పూర్తయిన రోజు నుంచి ఇవాళ్టి దాకా, నెల నెలా. స్టెప్‌లకు చదువుకున్న కాలం, అబ్జర్వర్‌షిప్, ప్రసవం, వీసా కోసం ఆగిన నెలలు, అన్నీ. ఖాళీ ఉండటం తప్పు కాదు, చెప్పకపోవడమే తప్పు. రెసిడెన్సీ మొదలైన తేదీ దగ్గర ఎక్కువ తేడాలు వస్తుంటాయి: ఓరియెంటేషన్ జూన్ 20న మొదలైందని మీరు రాస్తారు, ప్రోగ్రామ్ జూలై 1 అని పంపుతుంది. ఆ పది రోజులకి బోర్డు ఉత్తరం రాస్తుంది, మూడు వారాలు పోతాయి. దరఖాస్తు నింపే ముందే జీఎంఈ ఆఫీసు (ఆసుపత్రిలో రెసిడెన్సీ రికార్డులు చూసే విభాగం) నుంచి వాళ్ల రికార్డులో ఉన్న తేదీలు తెచ్చుకుని అవే రాయండి.

వేలిముద్రలు ఎందుకు తిరస్కరిస్తారు?

రోజుకి వందసార్లు చేతులు కడిగి, శానిటైజర్ రాసుకునేవాళ్ల వేళ్ల మీద గీతలు పలచబడి, చర్మం పొడిబారి ఉంటుంది. ముద్ర సరిగా పడదు. వారం ముందు నుంచి రాత్రిపూట మాయిశ్చరైజర్ రాసుకోండి, ఇవ్వబోయే ముందు మాత్రం రాసుకోవద్దు. వీలుంటే సిరా కార్డు కంటే ఎలక్ట్రానిక్ స్కాన్ మేలు. వరసగా రెండుసార్లు తిరస్కరిస్తే పేరు ఆధారంగా ఎఫ్‌బీఐ తనిఖీ చేయమని బోర్డును అడగవచ్చు.

ఒక రాష్ట్రానికి ఇచ్చిన ముద్రలు ఇంకో రాష్ట్రానికి పనికిరావు. స్కాన్ చేసేచోట బోర్డు ఇచ్చిన కోడ్ తప్పుగా కొడితే ఫలితం ఇంకెక్కడికో పోతుంది. రసీదు మీద ఆ కోడ్ చూసుకునే బయటికి రండి.

"అవును" అని జవాబివ్వాల్సిన ప్రశ్నలు ఉన్నాయి. ఏం చేయాలి?

అవునని రాయండి. అరెస్టు, తాగి బండి నడిపిన కేసు, కోర్టు కొట్టేసిన కేసు, మాల్‌ప్రాక్టీస్ (చికిత్సలో తప్పు జరిగిందన్న) దావా, రెసిడెన్సీలో ప్రొబేషన్, సెలవు, రెమిడియేషన్ (లోటు సరిదిద్దే అదనపు శిక్షణ): ఇలాంటివి ఒక్కోటీ విడివిడిగా లైసెన్స్‌ని ఆపేయడం అరుదు. దాచిపెట్టడం మాత్రం దానికదే తప్పు, అసలు విషయం కంటే పెద్ద తప్పు. బోర్డు మీ జవాబును నాలుగు చోట్ల సరిచూస్తుంది: ఎఫ్‌బీఐ నివేదిక, ప్రోగ్రామ్ డైరెక్టర్ ఫారం, డాక్టర్ల మీద చర్యలు, మాల్‌ప్రాక్టీస్ చెల్లింపులు నమోదవుతూ 1990 నుంచి నడుస్తున్న నేషనల్ ప్రాక్టీషనర్ డేటా బ్యాంక్, ఇతర బోర్డుల చర్యలు నమోదయ్యే ఎఫ్‌ఎస్‌ఎంబీ రికార్డు. డేటా బ్యాంక్‌లో మీ పేరు మీద ఏముందో కొద్దిపాటి రుసుముతో మీరే ముందు చూసుకోవచ్చు. చూసుకోవాలి కూడా.

ప్రశ్నలోని పదాలను నిదానంగా చదవండి. "శిక్ష పడిందా" అని అడిగితే ఒక జవాబు, "అరెస్టు అయ్యారా" అంటే ఇంకోటి, "రికార్డు నుంచి తొలగించినవి సహా" అని ఉంటే మరోటి. ప్రొబేషన్ అన్న పదాన్ని మీ ప్రోగ్రామ్ ఏ అర్థంలో వాడిందో, దాన్ని బోర్డు ఫారంలో రాయబోతోందో లేదో డైరెక్టర్‌నే అడగండి. వివరణ ఒక పేజీ దాటనక్కర్లేదు: ఏ తేదీన ఏం జరిగింది, ఎలా ముగిసింది, కోర్టు లేదా ఆసుపత్రి కాగితం ఏది. సంజాయిషీలు, ఎదుటివాళ్ల మీద ఫిర్యాదులు వద్దు. క్రిమినల్ విషయమైతే రాసే ముందు ఆ రాష్ట్రంలో లైసెన్సింగ్ కేసులు చూసే లాయరుకి చూపించండి.

డిప్రెషన్‌కి మందులు వాడుతున్నాను. చెప్పాలా?

ప్రశ్న ఎలా ఉందన్నదాన్ని బట్టి. ఎఫ్‌ఎస్‌ఎంబీ 2018లో బోర్డులకు చేసిన సూచన ప్రకారం, ప్రస్తుతం పనికి అడ్డుపడుతున్న సమస్య ఉందా అనే అడగాలి, గతంలో చికిత్స తీసుకున్నారా అని కాదు. చాలా రాష్ట్రాలు ఆ దారిలో ఫారాలు మార్చుకున్నాయి. చికిత్స తీసుకుంటూ బాగా పనిచేస్తున్నవాళ్ల జవాబు అలాంటి ప్రశ్నకి "లేదు". పాత తరహా ప్రశ్న ఇంకా ఉన్నచోట లాయరునో, డాక్టర్ల ఆరోగ్య సమస్యలకు సాయపడే ఆ రాష్ట్రపు ఫిజీషియన్ హెల్త్ ప్రోగ్రామ్‌నో అడిగి రాయండి. లైసెన్స్ భయంతో మందులు మానేయడం మాత్రం వద్దే వద్దు.

కాంపాక్ట్ ద్వారా ఒకేసారి చాలా రాష్ట్రాల లైసెన్సులు వస్తాయట కదా?

రాష్ట్రాల మధ్య ఒప్పందమైన ఇంటర్‌స్టేట్ మెడికల్ లైసెన్షర్ కాంపాక్ట్ 2017లో పని మొదలుపెట్టింది. అర్హత ఉన్నవాళ్లకు చాలా వేగంగా పనవుతుంది. కానీ వచ్చేది ఉమ్మడి లైసెన్స్ కాదు. ఒక్కో రాష్ట్రం విడిగా ఇస్తుంది, విడిగా ఫీజు తీసుకుంటుంది, రెన్యువల్ నియమాలూ దేనివి దానివే. కాంపాక్ట్‌ని నడిపే కమిషన్‌కి 700 డాలర్లు, దాని మీద రాష్ట్రాల ఫీజులు.

అర్హతలు గట్టివి: ఒక్కో స్టెప్ మూడు ప్రయత్నాల్లోపు పాసవ్వాలి, రెసిడెన్సీ పూర్తవ్వాలి, స్పెషాలిటీ బోర్డు సర్టిఫికేషన్ చేతిలో ఉండాలి, క్రమశిక్షణ చర్యలు గానీ క్రిమినల్ చరిత్ర గానీ ఉండకూడదు. జూన్‌లో రెసిడెన్సీ ముగించి, స్పెషాలిటీ బోర్డు పరీక్ష ఫలితం ఇంకా రానివాళ్లు ఇందులోకి రారు, మామూలు దారే. కాంపాక్ట్‌లో ఉన్న రాష్ట్రపు ఫుల్ లైసెన్స్ ముందే ఉండాలి, ఆ రాష్ట్రంలో మీ నివాసమో, ప్రాక్టీసులో కనీసం 25 శాతమో, యజమాని సంస్థో, ఫెడరల్ ఆదాయపు పన్ను చిరునామానో ఉండాలి. ఈ మూల రాష్ట్రం ఇచ్చే అర్హత పత్రం 365 రోజులు చెల్లుతుంది. కాలిఫోర్నియా ఇందులో చేరలేదు. ఇంకో సంగతి, మూల రాష్ట్రంలో లైసెన్స్ రద్దయితే కాంపాక్ట్ ద్వారా వచ్చినవన్నీ వెంటనే అదే స్థితికి పోతాయి.

లైసెన్స్ వచ్చింది. రేపటి నుంచి పేషెంట్లను చూడొచ్చా?

చట్టప్రకారం చూడొచ్చు, ఆచరణలో ఇంకా పనులుంటాయి. ఎన్‌పీఐ (బిల్లింగ్‌కి వాడే డాక్టరు గుర్తింపు) పది అంకెల నంబరు, ఉచితం, రెసిడెన్సీలోనే వచ్చి ఉంటుంది. దాంట్లో చిరునామా 30 రోజుల్లోపు మార్చాలి. డీఈఏ రిజిస్ట్రేషన్ మూడేళ్లకి 888 డాలర్లు, రాష్ట్రం మారితే అక్కడికి విడిగా కావాలి. న్యూజెర్సీ, ఇల్లినాయ్, మసాచుసెట్స్ లాంటి చోట్ల డీఈఏకి ముందు రాష్ట్రపు కంట్రోల్డ్ సబ్‌స్టెన్స్ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. వరస తప్పితే డీఈఏ దరఖాస్తు అక్కడే ఆగుతుంది. 2023 జూన్ 27 నుంచి డీఈఏకి మాదకద్రవ్య వ్యసన చికిత్స మీద 8 గంటల శిక్షణ ఒక్కసారి చూపించాలి. ఆసుపత్రి ప్రివిలేజులు (అక్కడ పేషెంట్లను చూసే అనుమతి), ఇన్సూరెన్స్ క్రెడెన్షియలింగ్‌కి (బీమా కంపెనీల జాబితాలో చేరడం) మరో రెండు మూడు నెలలు వేసుకోండి.

రెన్యువల్ ఎన్నేళ్లకోసారి? సీఎంఈ (డాక్టర్లు ఎప్పటికప్పుడు చేయాల్సిన శిక్షణ) ఎన్ని గంటలు?

ఎక్కువ రాష్ట్రాల్లో రెండేళ్లు, ఇల్లినాయ్, మిషిగన్‌లలో మూడేళ్లు. కాలిఫోర్నియా గడువు మీ పుట్టిన నెల చివరి రోజుతో ముగుస్తుంది. పెన్సిల్వేనియాలో అందరికీ ఒకటే తేదీ, సరి సంవత్సరాల్లో డిసెంబరు 31. న్యూయార్క్ లైసెన్స్ జీవితాంతం ఉంటుంది, రెండేళ్లకోసారి రెన్యూ చేసేది రిజిస్ట్రేషన్‌ని. అక్కడ మొదట కట్టేది 735 డాలర్లు.

గంటల్లో తేడాలు చాలా ఉంటాయి. రెండేళ్లకి కాలిఫోర్నియా 50, ఫ్లోరిడా 40, పెన్సిల్వేనియా 100. మూడేళ్లకి మిషిగన్, ఇల్లినాయ్ 150. న్యూయార్క్ మొత్తం గంటలేవీ అడగదు గానీ నాలుగేళ్లకోసారి ఇన్‌ఫెక్షన్ కంట్రోల్, డీఈఏ ఉన్నవాళ్లకు మూడేళ్లకోసారి 3 గంటల నొప్పి చికిత్స కోర్సు అడుగుతుంది. జనం తప్పేది మొత్తం గంటల దగ్గర కాదు, ఇలాంటి నిర్బంధ అంశాల దగ్గర. కాన్ఫరెన్సులకు వెళ్లి వంద గంటలు చేర్చుకున్నా, ఫ్లోరిడా అడిగే 2 గంటల మెడికల్ ఎర్రర్స్ కోర్సు లేకపోతే రెన్యువల్ ముందుకి పోదు.

సీఎంఈ ఆడిట్‌లో ఏం అడుగుతారు?

సర్టిఫికెట్లు. రెన్యువల్ ఫారంలో "పూర్తిచేశాను" అని టిక్కు పెట్టడం ప్రమాణం చేసినట్టే, ఆడిట్ ఆ తర్వాత కొందరికి వస్తుంది. ఒక్కో సర్టిఫికెట్ మీద మీ పేరు, తేదీ, గంటలు, కేటగిరీ 1 అని స్పష్టంగా ఉండాలి. రిజిస్ట్రేషన్ రసీదు, హాజరు ఈమెయిల్ లెక్కలోకి రావు. ఆరేళ్లవి ఒక ఫోల్డర్‌లో దాచుకుంటే ఏ రాష్ట్రానికైనా సరిపోతుంది.

గడువు దాటిపోయింది. ఇప్పుడేం చేయాలి?

ఆ రోజు నుంచే పేషెంట్లను చూడటం ఆపండి, యజమానికి చెప్పండి. గడువు తీరిన లైసెన్స్ మీద చేసిన పని లైసెన్స్ లేకుండా చేసిన పనే. మాల్‌ప్రాక్టీస్ బీమా, మెడికేర్ (వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) బిల్లులు రెండూ చిక్కులో పడతాయి. కొన్ని రోజులే అయితే లేటు ఫీజుతో తేలుతుంది. ఏళ్లు గడిస్తే కొత్త దరఖాస్తులాంటి ప్రక్రియ. డీఈఏ గడువు దాటాక ఒక నెల దాకా రెన్యూ చేయనిస్తారు, ఆ నెలలో కంట్రోల్డ్ మందులు రాయడానికి మాత్రం వీల్లేదు. రెన్యువల్ నోటీసు పాత అపార్ట్‌మెంట్ చిరునామాకి పోయిందన్నది బోర్డు ఒప్పుకునే కారణం కాదు.

వీసాకీ లైసెన్స్‌కీ సంబంధమేంటి?

పేషెంట్లను చూసే ఉద్యోగానికి హెచ్-1బీ వర్క్ వీసా కావాలంటే విదేశీ గ్రాడ్యుయేట్లకు స్టెప్ 3 ఉండాలి, పిటిషన్‌తో పాటు ఆ రాష్ట్రపు లైసెన్సో, పనిచేయడానికి అనుమతో చూపించాలి. జే-1 వెయివర్ (రెండేళ్లు స్వదేశానికి తిరిగి వెళ్లాలన్న షరతు నుంచి మినహాయింపు) మీద వెళ్లేవాళ్లకు కాలం ఇంకా ఇరుకు: వెయివర్ వచ్చిన 90 రోజుల్లోపు పనిలో చేరాలి. కాంట్రాక్టు మీద సంతకం పెట్టిన వారమే లైసెన్స్ దరఖాస్తు పెట్టేయండి, వెయివర్ వచ్చాక చూద్దామని ఆగకండి.

రెసిడెన్సీ లేకుండానే లైసెన్స్ ఇస్తున్నారని విన్నాం. నిజమేనా?

కొంతవరకు. 2023లో టెనెసీ, 2024లో ఫ్లోరిడా, తర్వాత మరికొన్ని రాష్ట్రాలు, విదేశంలో శిక్షణ, అనుభవం ఉన్న డాక్టర్లకు షరతులతో లైసెన్స్ ఇచ్చే చట్టాలు చేశాయి. సాధారణంగా పరీక్షలు పాసవ్వాలి, ఉద్యోగ ఆఫర్ ఉండాలి. స్పెషాలిటీ బోర్డు సర్టిఫికేషన్, ఇన్సూరెన్స్ కంపెనీల అంగీకారం, వీసా మాత్రం ఈ చట్టాల చేతిలో లేవు. తాజాగా ఎంబీబీఎస్ ముగించినవాళ్లు దీన్ని నమ్ముకుని మ్యాచ్ వదులుకోవడం తెలివైన పని కాదు.

లైసెన్స్ సస్పెండ్ అయిందని, డబ్బు కట్టమని ఫోన్ వచ్చింది.

మోసం. బోర్డుగానీ డీఈఏగానీ ఫోన్‌లో జరిమానా అడగవు. కాలర్ ఐడీలో బోర్డు నంబరే కనిపించినా పెట్టేయండి. లైసెన్స్ స్థితి బోర్డు వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు, అక్కడ చూసుకుని, వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకి మీరే ఫోన్ చేయండి.

ఇక పనిచేయని రాష్ట్రపు లైసెన్స్ వదిలేయొచ్చా?

వదిలేయొచ్చు. ఎక్కువ లైసెన్సులంటే ఎక్కువ ఫీజులు, ఎక్కువ నిర్బంధ కోర్సులు. గాలికి వదిలేయకుండా, ఇనాక్టివ్ చేయమనో, రెన్యూ చేయడం లేదనో బోర్డుకి రాసి పంపి, జవాబు దాచుకోండి. ముందు ముందు వేసే ప్రతి దరఖాస్తులోనూ ఆ లైసెన్స్ నంబరు, అది ముగిసిన తేదీ రాయాల్సి ఉంటుంది. ఒక్క జాగ్రత్త: మీ మీద విచారణ నడుస్తుంటే లాయరుని అడగకుండా లైసెన్స్ సరెండర్ చేయకండి, రెన్యూ చేయకుండా ఆపకండి. విచారణ మధ్యలో అలా వదులుకోవడం డేటా బ్యాంక్‌కి చేరుతుంది, మిగతా రాష్ట్రాల బోర్డులు అక్కడి నుంచే తెలుసుకుంటాయి.